అడవి చూడ్డానికే

రాజమండ్రిలోని ఒక ఏసీ హాల్లో, శాలువాలు కప్పడం పూర్తయ్యాక, మంత్రిగారు మైకు ముందుకు వచ్చారు. ప్రకృతి మనిషికి ఇన్ని వేల ఏళ్లుగా సేవలు చేస్తున్నా ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ వాటికి వెల కట్టలేదని, ఆ పాపాన్ని తమ ప్రభుత్వం కడిగేయబోతోందని ప్రకటించారు.

"గాలి ఫ్రీ. నీడ ఫ్రీ. చేప ఫ్రీ. తుఫానొస్తే అడ్డం నిలబడ్డం ఫ్రీ. ఎన్నాళ్లండీ ఆ చెట్లకి ఈ వెట్టిచాకిరీ?" అని ఆయన గద్గదంగా అడిగారు.

ముందు వరసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నారు. ఆయన రొయ్యల ఎగుమతిదారు.

మొదటి వెల పర్రపేట మడ అడవికి కట్టాలని నిర్ణయమైంది. గోదావరి సముద్రంలో కలవబోయే చోట, యానాం వంతెనకి ఇవతల, ఉప్పుకాలవ పక్కన, బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి నిలబడిన అడవి అది. దాని వెనక పర్రపేట అనే చిన్న ఊరు, ఆ ఊరికో బాప్టిస్టు చర్చి. అడవి ఉన్న చోట అంతర్జాతీయ స్థాయి రొయ్యల పార్కు పెడతామని ఇందాక కళ్లు తుడుచుకున్న ఆయన అర్జీ పెట్టుకుని ఉన్నారు.

"నేను చెట్ల పక్షం కాదు, రొయ్యల పక్షం కాదు. శాస్త్రం పక్షం" అన్నారు మంత్రిగారు. "లెక్క కట్టిస్తాం. అడవి విలువ ఎక్కువని తేలితే అడవి ఉంటుంది. పార్కు విలువ ఎక్కువని తేలితే పార్కు వస్తుంది. ఇది ఈ వేదిక మీద నుంచి నా మాట."

చప్పట్లు ఆగాక, ఈ పవిత్ర కార్యానికి ప్రత్యేకాధికారిగా గణేష్‌బాబు గారి పేరు చదివారు. గణేష్‌బాబు గారు అదివరకు మార్కెటింగ్ శాఖలో కొబ్బరికాయకి, ధాన్యానికి ధర నిర్ణయించిన అనుభవశాలి. ఇల్లు రాజమండ్రి దానవాయిపేటలో. భార్యాపిల్లలు అక్కడ, తాను మాత్రం ఏళ్ల తరబడి రాష్ట్రం నలుమూలలా. రాజమండ్రి రీజినల్ ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అవబోతోందని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని మంత్రిగారికి తెలుసు.

కార్లో కూర్చున్నాక మంత్రిగారు అద్దం దించారు.

"శాస్త్రం ఏం చెప్పాలో అర్థమైంది కదా, గణేష్‌బాబూ?"

"అయిందండి."

"తొందరేం లేదు. నిజం బయటికి రావడానికి ఎంత టైమైనా తీసుకో. నెలాఖరుకి వస్తే చాలు."

గణేష్‌బాబు గారు ఇంటికి వెళ్లి ఇంటర్నెట్లో వెతికారు. ప్రకృతి సేవలకి వెల కట్టే పద్ధతులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఒకదాని లెక్క ఇంకోదానితో కలవదు. ఈ సంగతి తెలిశాక శాస్త్రం మీద ఆయనకి గౌరవం రెట్టింపైంది.

మొదటి పద్ధతి, జనాన్నే అడగడం. ఆయన పర్రపేట వెళ్లి చర్చి అరుగు మీద కుర్చీ వేయించుకుని ఊరిని పిలిపించారు. ముందుగా వచ్చి కూర్చున్నావిడ సంపూర్ణమ్మ, చర్చిలో స్త్రీల సమాజం అధ్యక్షురాలు. పీతలు పట్టే ఐజాక్ ఆవిడ భర్త. ఆ చుట్టుపక్కల మగవాళ్లు ఎక్సైజు వాళ్లకన్నా సంపూర్ణమ్మకే ఎక్కువ భయపడేవారు. యానాంలో మందు చవక కాబట్టి శనివారం సాయంత్రాలు మనుషులు సంచులతో వెళ్లి సంచులతో వస్తారు. సంపూర్ణమ్మా, ఆవిడ సమాజం ఆడవాళ్లూ ఊరి మలుపు దగ్గర చాపేసుకుని కూర్చుని, వచ్చిన వాణ్ణల్లా ఆపి, ఊరూ పేరూ అడిగి, కొట్టకుండా తిట్టకుండా ఒకే ఒక్క కేక పెట్టేవారు: "అమలాపురం ఫలానా వారి అబ్బాయర్రా! యానాం వెళ్లొస్తున్నాడు!" ఆ కేక మడ చెట్లకి తగిలి తిరిగొచ్చి రెండోసారి కూడా వినబడేది.

"అమ్మా, ఈ అడవి ఇలాగే ఉండాలంటే మీరు ఏడాదికి ఎంత ఇవ్వగలరు?" అని గణేష్‌బాబు గారు అడిగారు.

"ఎవరికండీ?"

"ఎవరికీ కాదు. ఊరికే ఊహించుకుని చెప్పాలి."

"ఊహించుకుని ఇచ్చేదైతే ఎంతైనా ఇస్తామండి. వసూలుకి కూడా ఊహించుకునే వస్తారా?" అంది సంపూర్ణమ్మ.

"వసూలు ఉండదమ్మా."

"మీటరు బిగించేటప్పుడూ ఇలాగే అన్నారండి" అన్నాడు ఐజాక్ వెనక నుంచి. "దీన్ని ఇంటి పన్నులో కలుపుతారా, కరెంటు బిల్లులోనా?"

ఆ మాటతో ఊరు మొత్తం ఒక్క గొంతుతో సున్నా అంది. గణేష్‌బాబు గారి ముఖం వెలిగింది. కానీ ఆయన చదివిన దాంట్లో ప్రశ్నని తిరగేసి కూడా అడగాలని ఉంది. నిజాయితీపరుడు కాబట్టి అడిగారు.

"పోనీ, అడవి తీసేస్తే మీకు ఎంత ఇవ్వమంటారు?"

సంపూర్ణమ్మ కొంగు సర్దుకుంది.

"మొన్న పెద్ద తుఫానుకి పక్కూళ్లో పడవలు వచ్చి ఇళ్ల మీద కూర్చున్నాయండి. మనుషులు పోయారు. మా చర్చి పెంకు ఒక్కటి లేవలేదు. అడవి తీసేస్తే ఆ పైయేడు మేం ఉండమండి. లేనివాళ్లకి ఎంతిస్తారు? ఎవరి చేతికిస్తారు?"

గణేష్‌బాబు గారు సర్వే ఫారం తీసి ఆ గడిలో 'స్పందన లేదు' అని రాశారు. అదే ఊరు, అదే అడవి. ఇటు నుంచి అడిగితే సున్నా, అటు నుంచి అడిగితే అంకెకే అందడం లేదు. రెండింటికీ సగటు తీయాలని ఫోన్లో ప్రయత్నించారు. ఫోను ఒప్పుకోలేదు. మొదటి పద్ధతి శాస్త్రీయంగా లేదని ఆ సాయంత్రమే తేల్చేశారు.

రెండో పద్ధతి, అడవి చేసే పనిని ఇంకోదానితో చేయిస్తే ఎంతవుతుందో చూడటం. అంటే తుఫానుకి అడ్డంగా గోడ. గణేష్‌బాబు గారు ఇంజనీరు విజయ్ పాల్ గారిని పిలిపించి, గోడకి ఎస్టిమేటు వేయమని, వీలైనంత తక్కువ వేయమని చెప్పారు.

విజయ్ పాల్ గారి ముఖం వాడిపోయింది. "తక్కువా సార్? సర్వీసులో ఎప్పుడూ వేయలేదండి."

"ప్రయత్నించండి."

ఆయన మనస్ఫూర్తిగా ప్రయత్నించారు. గోడ వేశారు. గోడ దగ్గరికి సామాను వెళ్లాలి కాబట్టి రోడ్డు వేశారు. రోడ్డు కాలవ దాటాలి కాబట్టి వంతెన వేశారు. వంతెన నాణ్యత చూడ్డానికి పెద్దలు వస్తారు కాబట్టి గెస్ట్ హౌస్ వేశారు. తగ్గించమని వెనక్కి పంపితే గెస్ట్ హౌస్‌లో ఒక గది తగ్గించి లిఫ్టు కలిపారు. ఎస్టిమేటు రొయ్యల పార్కు విలువని దాటి చాలా దూరం వెళ్లిపోయింది.

"తగ్గట్లేదండి" అన్నారాయన కళ్లనీళ్లతో. "చెయ్యి అలా అలవాటైపోయింది."

పైగా ఆ ఎస్టిమేటు చూసిన మంత్రిగారి బావమరిది, పార్కు సంగతి తర్వాత, ముందు గోడ కట్టేద్దాం అని బయల్దేరాడు. ఆయన్ని శాంతింపజేయడానికి రెండు రోజులు పట్టింది. రెండో పద్ధతిని కూడా శాస్త్రం తిరస్కరించింది.

మూడో పద్ధతి చదువుతుంటే గణేష్‌బాబు గారికి నవ్వొచ్చింది. పేరు ప్రయాణ వ్యయ పద్ధతి. ఒక చోటు చూడ్డానికి జనం ఎంత దూరం నుంచి ఎంత ఖర్చు పెట్టుకుని వస్తారో, ఆ చోటుకి అంత విలువ. పర్రపేట బురద చూడ్డానికి బండిలో పెట్రోలు ఎవడు పోయించుకుంటాడు? టీఏ ఇవ్వకపోతే తానే వచ్చేవాడు కాదు.

ఫోను చేసి మంత్రిగారికి విన్నవించారు.

"సున్నా వస్తుందా?" 

"గ్యారంటీ అండి."

"ఇది మనం కనిపెట్టిందా?"

"అమెరికాలో పుట్టిందండి."

"అయితే ఇంకేం కావాలయ్యా!"

మర్నాడే జీవో వచ్చింది. ప్రపంచంలోని పద్ధతులన్నింటినీ తులనాత్మకంగా పరిశీలించిన మీదట ప్రయాణ వ్యయ పద్ధతి ఒక్కటే శాస్త్రీయమని ప్రభుత్వం గుర్తించిందని, ఇక మీదట మరే పద్ధతినీ అనుమతించరాదని అందులో ఉంది. పత్రికలు అచ్చేశాయి. సర్వే తర్వాత, జీవో ముందు అన్నది గణేష్‌బాబు గారి పరిపాలనా దక్షతకి నిదర్శనం.

యానాం రోడ్డు మీద, పర్రపేట మలుపు దగ్గర టెంటు వేశారు. స్టోర్సులో దొరికిన టెంటు ఖాకీ రంగుది. అంతకుముందు ఎక్సైజు చెక్‌పోస్టుకి వాడినది. దాని ముందు 'మడ అడవి సందర్శకుల నమోదు కేంద్రం' అని బోర్డు పెట్టారు. లోపల కూర్చోడానికి మొగల్తూరు నుంచి ఆశాజ్యోతి అనే అమ్మాయిని కాంట్రాక్టు మీద తెచ్చారు. మాట తక్కువ మనిషి.

"చూడమ్మా, ఇది సైన్సు" అని గణేష్‌బాబు గారు ఆమెకి చెప్పారు. "ప్రతి బండినీ ఆపు. ఎక్కడికి, ఎక్కడ్నుంచి, ఎంత ఖర్చు. వాళ్లు ఏం చెబితే అది రాయి. నీ సొంతం ఏదీ కలపకు, ఏదీ తీయకు."

"అలాగేనండి" అంది ఆశాజ్యోతి.

శనివారం మధ్యాహ్నం మొదటి బైకు వచ్చింది. మీద ఇద్దరు. ఖాకీ టెంటు చూడగానే ముందున్నవాడి కాలు బ్రేకు మీద పడింది.

"ఎక్కడికండీ?" 

అతను టెంటుని చూశాడు. ఆమెని చూశాడు. పక్కనున్న బోర్డుని ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు.

"అడవికండి."

"ఏం పని మీదండీ?"

"చూడ్డానికే. ఇంకేం పనుంటుందండి?"

"ఎక్కడ్నుంచండీ?"

"ధవళేశ్వరం."

"అంత దూరం నుంచి అడవి చూడ్డానికేనాండీ?"

"మా వాడికి చెట్లంటే ప్రాణమండి" అన్నాడు ముందువాడు. వెనకవాడు ప్రాణం పోతున్నట్టు తల ఊపాడు. 

ఆ తర్వాత రావులపాలెం నుంచి ముగ్గురు వచ్చారు, అడవి చూడ్డానికి. రాజోలు నుంచి కార్లో ఒక ప్లీడరు గారు, ఇద్దరు క్లయింట్లు వచ్చారు, అడవి చూడ్డానికి. ఒక పెళ్లివారి వ్యాను వచ్చింది. ముహూర్తానికి ముందు మగపెళ్లివారి తరఫున నలుగురు పెద్దలు మడ అడవిని చూసి రావడం తమ ఇంటి ఆనవాయితీ అని అందులో ఉన్న మేనమామ చెప్పాడు.

"వ్యాను ఖాళీగా ఉందేంటండీ?"

"వచ్చేటప్పుడు గవ్వలు తెచ్చుకుంటామండి. పందిట్లోకి."

సాయంత్రం అందరూ తిరిగొచ్చారు. జీవోలో తిరుగు ప్రయాణంలో అభిప్రాయ సేకరణ చేయాలని ఉంది కాబట్టి ఆశాజ్యోతి మళ్లీ ఆపింది.

"సంచిలో చప్పుడేంటండీ?"

"గవ్వలండి."

"అడవి ఎలా ఉందండీ?"

"అద్భుతమండి! చెట్లు ఊగుతుంటే... అబ్బ."

"మళ్లీ వస్తారా అండీ?"

"పై శనివారం తప్పకుండా."

వారం తిరిగేసరికి గణేష్‌బాబు గారు లెక్క కూడించి చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయారు. పెట్రోలు, టోలు, టిఫిన్లు, తోడొచ్చినవాళ్ల రోజుకూలి, అన్నీ కలిపితే పర్రపేట మడ అడవి విలువ రొయ్యల పార్కుకి ఎన్నో రెట్లు తేలింది. ఆ లెక్కన రాష్ట్రంలో ఇంతమంది చూడ్డానికి వెళ్లే చెట్లు ఇంకెక్కడా లేవు.

"ఏమ్మా, వీళ్లంతా నిజంగా అడవికేనా?" 

"అలాగే చెప్పారండి. కలపొద్దు, తీయొద్దు అన్నారు కదండీ."

గణేష్‌బాబు గారు రాజమండ్రి మనిషి. అసలు సంగతి ఆయనకి తెలియక కాదు. కానీ రిపోర్టులో ఆ ముక్క ఎలా రాస్తారు? ఈ జిల్లాల నుంచి యానాంకి మందు కోసం వెళ్లేవాళ్లు ఒక్కరు కూడా లేరని మంత్రిగారే శాసనసభలో లిఖితపూర్వకంగా జవాబిచ్చి ఉన్నారు. లేనివాళ్లని ప్రత్యేకాధికారి ఎక్కడ్నుంచి తెస్తాడు?

పత్రికల్లో వచ్చింది: 'పర్రపేటకు పోటెత్తిన ప్రకృతి ప్రేమికులు'. మంత్రిగారు ఆ కటింగ్‌ని ఫోటో తీసి గణేష్‌బాబు గారికి వాట్సాప్‌లో పంపారు. కింద ఏమీ రాయలేదు. గణేష్‌బాబు గారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పర్రపేటలో మాత్రం పండగ. ఐజాక్ పేపరు పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తాడు.

"ఏమే! మన అడవిని తాగుబోతులు నిలబెట్టారే!"

సంపూర్ణమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. ఆవిడ ఇన్నేళ్లుగా ఆ మలుపు దగ్గర చాపేసుకున్నది వాళ్లని ఆపడానికి. ఇప్పుడు ఒక్కడు ఆగినా అడవిలో ఒక చెట్టు తగ్గుతుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆవిడ కళ్లు మూసుకుని నిలబడి ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, ఆ రోడ్డున పోయే బిడ్డల్ని క్షేమంగా తీసుకెళ్లు. క్షేమంగా తీసుకురా. టైర్లకి మేకులు దిగకుండా చూడు. వాళ్లెందుకు వెళ్తున్నారో నీకు తెలుసు. మాకు చెప్పొద్దు."

ఆడవాళ్లంతా ఆమెన్ అన్నారు. ఆ శనివారం మలుపు దగ్గర చాప లేదు. దాని బదులు మజ్జిగ కుండ పెట్టారు. ఇన్నాళ్లూ ఆ మలుపులో తలొంచుకుని బండి లాగించినవాళ్లు ఆగి, గ్లాసు అందుకుని, చేతులు జోడించి వెళ్లారు. ఒకతను, "మీ కేక వినకపోతే ఏదోలా ఉందండి" అన్నాడు.

ఐజాక్ తెల్లచొక్కా వేసుకుని తయారయ్యాడు.

"ఎక్కడికి?" 

"అడవికోసం నేనూ నాలుగుసార్లు వెళ్లొస్తానే. ఊరంటే అందరూ ఓ చెయ్యి వెయ్యాలి కదా."

"నువ్వు అడవి పక్కనే ఉన్నావు. నీ ప్రయాణ ఖర్చు సున్నా. నువ్వు చూసినా చూడకపోయినా లెక్కలోకి రావంట. ఆ అమ్మాయిని అడిగొచ్చాను. చొక్కా విప్పి వల బాగుచెయ్యి."

ఐజాక్ చొక్కా విప్పాడు. అడవిని నమ్ముకుని పుట్టి పెరిగినవాడికి అడవి లెక్కలో చోటు లేకపోవడం అతనికి వింతగా అనిపించింది. కానీ పెద్ద చదువుల సంగతి కదా అని ఊరుకున్నాడు.

గణేష్‌బాబు గారు ఊరుకోలేదు. గొప్ప అధికారులకి కష్టకాలంలోనే గొప్ప ఆలోచనలు వస్తాయి. ఒకే ఒక్క వారం లెక్కతో నిర్ధారణకి రావడం శాస్త్రానికి విరుద్ధమని, మరోసారి సర్వే తప్పనిసరని ఆయన ఒక నోటు పెట్టారు. మంత్రిగారి చెవిలో మాత్రం రెండే రెండు మాటలు వేశారు.

పదిరోజుల్లో, పర్రపేట మలుపుకి కాస్త ఇవతల, ప్రత్యేక అనుమతితో ఒక మందు దుకాణం వెలిసింది. యానాం ధరే ఇక్కడా. రిబ్బను కట్ చేస్తూ మంత్రిగారు, "మన సోదరులు ఎండలో వానలో అంత దూరం ప్రయాణం చేసి అలసిపోవడం చూసి నా కడుపు తరుక్కుపోయింది" అన్నారు.

సంపూర్ణమ్మ స్త్రీల సమాజాన్ని వెంటబెట్టుకుని వచ్చి ఆయనకి అడ్డం నిలబడింది.

"ఊరి మొదట్లో కొట్టేంటండీ? పిల్లలు బడికెళ్లే దారండి."

మంత్రిగారు వినయంగా చేతులు జోడించారు. "అమ్మా, ఇన్నేళ్లుగా అర్జీలు పెట్టింది మీరే కదా? యానాం వెళ్లేవాళ్లని ఆపండి, ఆపండి అని. ఆపాం."

సంపూర్ణమ్మ వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఆవిడ వెనక్కి తిరగడం పర్రపేట ఎప్పుడూ చూడలేదు.

రెండో సర్వే మొదలైంది. ఆశాజ్యోతి అదే టెంటులో, అదే కుర్చీలో కూర్చుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే బైకు కొత్త మందు దుకాణం దగ్గరే ఆగిపోయింది. చెట్లంటే ప్రాణమైనవాడు అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. ప్లీడరు గారు రాలేదు. పెళ్లివారు ఆనవాయితీ మార్చుకున్నారు. శనివారం మధ్యాహ్నం రోడ్డు మీద మేకలు పడుకున్నాయి.

సంపూర్ణమ్మ అడవి వైపు చూస్తూ ఒక పూటంతా కూర్చుంది. తర్వాత లేచి ఊళ్లో ఆడవాళ్లందరినీ పిలిచింది.

"దూరం నుంచి వస్తేనే లెక్కంట కదా. దూరం వెళ్దాం రండి."

మర్నాడు తెల్లారేసరికి స్త్రీల సమాజం మొత్తం అమలాపురం బస్సెక్కి, అక్కడ్నుంచి రాజమండ్రి బస్సెక్కింది. ముసలివాళ్లూ వెళ్లారు, చంకలో పిల్లలున్నవాళ్లూ వెళ్లారు. రాజమండ్రి బస్సు కాంప్లెక్సులో దిగి, తెచ్చుకున్న చద్దన్నం తిని, వెంటనే వెనక్కి బస్సెక్కారు. సాయంత్రానికి టెంటు ముందు దిగి వరసగా నిలబడ్డారు. ఆరోజు గణేష్‌బాబు గారు కూడా తనిఖీకి వచ్చి ఉన్నారు.

"ఎక్కడికండీ?" అని అడిగింది ఆశాజ్యోతి.

"అడవి చూడ్డానికమ్మా" అంది సంపూర్ణమ్మ.

"ఎక్కడ్నుంచండీ?"

"రాజమండ్రి నుంచి. ఇదిగో టిక్కెట్టు."

ఆశాజ్యోతి రాయబోతుంటే గణేష్‌బాబు గారు చెయ్యి అడ్డం పెట్టి టిక్కెట్టు అందుకున్నారు. వెలుతురులోకి పట్టుకుని చూశారు. ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి దాని మీద చార్జీ దగ్గర సున్నా ఉంది. ఆయన ముఖంలో శాంతి కనబడింది.

"ఖర్చు సున్నా."

"రోజంతా కూర్చుని వచ్చామండి. నడుములు పడిపోయాయి" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

"సమయానికి కూడా విలువ కడతారమ్మా, కట్టరని కాదు" అన్నారు ఆయన ఓపిగ్గా. "మీ రోజు సంపాదన బట్టి. ఇవాళ పీతలకి వెళ్లారా?"

"బస్సులో ఉంటే పీతలకి ఎలా వెళ్తామండీ?"

"అదే. వెళ్లలేదు కాబట్టి ఇవాళ సంపాదన లేదు. సంపాదన లేని రోజుకి విలువ ఏం కడతాం? నేను పెట్టిన రూలు కాదమ్మా. సైన్సు."

సంపూర్ణమ్మ చేతిలో మిగిలిన టిక్కెట్లు చూసుకుంది. ఆశాజ్యోతి చెప్పింది చెప్పినట్టు రాసింది. సందర్శకుల గడిలో ఊరి ఆడవాళ్లందరూ ఉన్నారు. విలువ గడిలో సున్నా ఉంది.

రిపోర్టు నెలాఖరుకే వచ్చింది. పర్రపేట మడ అడవి ప్రజలకు చేస్తున్న సేవల విలువ శాస్త్రీయంగా శూన్యమని అందులో తేలింది. మంత్రిగారు ఎంతో బాధపడ్డారు. "నేను మాటకి కట్టుబడాలి కదా" అన్నారు. బరువెక్కిన గుండెతోనే పార్కుకి కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాతి సోమవారం పొక్లెయిన్లు దిగాయి.

గణేష్‌బాబు గారికి రాజమండ్రి రీజినల్ ఆఫీసు కుర్చీ వచ్చింది. పద్ధతుల తులనాత్మక పరిశీలనకి గాను ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. పై అధికారులు పార్టీ అడిగారు. పెద్దవాళ్ల పార్టీ కాబట్టి పెద్ద బ్రాండే ఉండాలి. పర్రపేట మలుపు దుకాణంలో అది దొరకదు. అలాంటివి నమ్మకంగా దొరికేది యానాం వంతెన అవతలే. డ్రైవర్ని ఒక్కణ్ణే పంపితే బావుండదని శనివారం ఆయనే ఆఫీసు కార్లో బయల్దేరారు.

మలుపు దగ్గర ఖాకీ టెంటు ఇంకా ఉంది. వేయమని ఉత్తర్వు వచ్చింది గాని తీయమని రాలేదు. ఆశాజ్యోతి లేచి వచ్చి చెయ్యి ఎత్తింది. డ్రైవరు బండి ఆపాడు. గణేష్‌బాబు గారు అద్దం దించారు.

"ఎక్కడికండీ?" అంది ఆమె. ఆయన్ని గుర్తుపట్టనట్టే అడిగింది. ప్రతి బండినీ ఆపమన్నది ఆయనే.

గణేష్‌బాబు గారు అటు చూశారు. ఇదివరకు ఈ రోడ్డు మీద నుంచి సముద్రం కనబడేది కాదు. ఇప్పుడు రోడ్డు అంచు నుంచి నీళ్ల దాకా బూడిదరంగు బురద ఒక్కటే, దాని మీద రెండు పొక్లెయిన్లు, ఒక పక్కన పర్రపేట చర్చి శిలువ. అంత దగ్గరగా ఉందా సముద్రం అనుకున్నారు.

డ్రైవరు అద్దంలోంచి ఆయన్నే చూస్తున్నాడు.

"అడవి చూడ్డానికమ్మా" అన్నారు.

ఆశాజ్యోతి రాసుకుంది.

సాయంత్రం కారు తిరిగొచ్చింది. గతుకులో పడ్డప్పుడు డిక్కీలో గలగలమంది. ఆమె మళ్లీ ఆపింది. ఈసారి టెంటు పక్కన చాప వేసి ఉంది. చాప మీద సంపూర్ణమ్మ, స్త్రీల సమాజం ఆడవాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు.

"వెనకాల చప్పుడేంటండీ?"

"గవ్వలమ్మా."

"అడవి ఎలా ఉందండీ?"

"బాగుంది."

"మళ్లీ వస్తారా అండీ?"

"చూద్దాం. నువ్వు తప్పుకోమ్మా, చీకటి పడుతోంది."

ఆశాజ్యోతి తప్పుకుంది. సంపూర్ణమ్మ మాత్రం చాప మీద నుంచి నిదానంగా లేచింది. కొంగు నడుముకి చుట్టుకుంది. కారు అద్దంలోకి వంగి ఆయన ముఖం బాగా చూసి, ఊరి వైపు తిరిగింది.

"రాజమండ్రి గణేష్‌బాబు గారర్రా! అడవి చూసొస్తున్నారు!"

గణేష్‌బాబు గారు అద్దం ఎత్తేసుకున్నారు. రెండోసారి కూడా వినబడుతుందేమోనని చెవులు మూసుకోబోయారు. ఆ కేక తిరిగి రాలేదు. మధ్యలో అడ్డం ఏమీ లేదు కాబట్టి తిన్నగా సముద్రంలోకి వెళ్లిపోయింది.